ఆలుమగలు, అప్పు, అద్దె యిల్లు

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మనవారు చెప్పు సామెత. ఇంటి తీరును బట్టి ఇల్లాలి నేర్పు తెలియునని దాని భావము. కాని ఇల్లు అద్దెకిచ్చు యజమాని ఈ సామెతను తిరుగవేసి చదువును. అతడు ముందు ఇంటాయనను చూచును. ఊరేది, పనియేమి, ఎవరి తాలూకు మనిషి, ఎవరికైనను బాకీపడి యున్నాడా అని ఆరా తీయును. ఆ విచారణలో మగని పేరు చెడినదని తేలెనేని, ఇల్లాలి నేర్పు, ఆమె సంపాదన, ఆమె మాట నిలుకడ గడప వెలుపలనే నిలిచిపోవును.

తిరుమలాయపాలెము మండలములోని ఒక దంపతులను ఊహింతము. వారికి పేర్లు పెట్టనక్కరలేదు. అట్టివారు ప్రతి మండలమునను కలరు. మగడు పత్తి వేసెను, మిరప వేసెను, బోరు త్రవ్వించెను. నీరు పడలేదు. బ్యాంకు అప్పు గడువు దాటినది. ఎరువుల దుకాణములోని ఖాతా పెరిగినది. భార్య ఖమ్మములో ఒక చిన్న బడిలో పంతులమ్మగా చేరినది. నెలకు జీతము తక్కువైనను తప్పక వచ్చును. పిల్లల చదువునకై పట్టణములో రెండు గదుల యిల్లు చూచుకొనిరి. అద్దె కుదిరినది, అడ్వాన్సు కుదిరినది. తీరా తాళపుచెవి యిచ్చు వేళకు యజమానికి వారి యూరినుండి కబురు వచ్చినది: ఆయన బాకీలవాడని. యజమాని తాళపుచెవిని మరల జేబులో వేసికొనెను. ఆ పూట ఆమె మనస్సులో మెదలు ప్రశ్న ఒక్కటే: "అప్పు ఆయనది, జీతము నాది. ఇల్లు నాకేల యివ్వరు?"

ఈ ప్రశ్న నేటిది కాదు. ఒకరి అప్పు రెండవవారిని ఎంతవరకు అంటుకొనును అను విషయమై మన దేశమున వేయి సంవత్సరములకు పైగా ఆలోచన జరిగినది. నేటి ప్రసంగమున ఆ ఆలోచన నడచిన త్రోవను కొంత పరిశీలింప దలచినాము.

ముందు మాటల సంగతి. మన భాషలో అప్పు పుట్టించుకొను శక్తికి పరపతి యని పేరు. సహకార పరపతి సంఘమన్నప్పుడు ఆ మాటకు అప్పిచ్చు ఏర్పాటని అర్థము. ఆయనకు ఊరిలో మంచి పరపతి యున్నదన్నప్పుడు పలుకుబడి యని అర్థము. ఒకే మాట రెండు పనులు చేయుటలో ఒక సత్యమున్నది. పలుకుబడి యున్నవానికి అప్పు పుట్టును. అప్పు తీర్చినవానికి పలుకుబడి కలుగును. అట్లే ఇంటికి చెల్లించు సొమ్మును కోస్తావారు అద్దె యందురు, తెలంగాణమువారు కిరాయి యందురు. ఖమ్మము ఈ రెండు ప్రాంతముల సరిహద్దున నున్నందున అచ్చట రెండు మాటలును వినబడును. ఒకే వీధిలో కిరాయికి ఇచ్చు ఇల్లు, అద్దెకు ఇచ్చు ఇల్లు ప్రక్కప్రక్కనే యుండును.

తిరుమలాయపాలెము ఖమ్మము పట్టణమునకు వాయవ్యమున నున్న మండల కేంద్రము. పూర్వము ఈ భూములు హైదరాబాదు రాజ్యమున వరంగల్లు జిల్లాలోనివి. 1953 అక్టోబరు 1వ తేదీన ఖమ్మము ప్రత్యేక జిల్లా అయినది. 1959లో గోదావరికి ఆవలనున్న భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లానుండి వచ్చి ఇందులో చేరినవి. 1985లో మండలములు ఏర్పడినవి. 2016లో తూర్పు అటవీ ప్రాంతములో చాల భాగము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాగా విడిపోయినది. ఇట్లు ఈ సీమ పడమట మైదానపు సేద్యమునకును, తూర్పున మన్యమునకును నడుమ నున్నది. అప్పుల చరిత్రయు ఈ రెంటి నడుమ రెండు విధములుగా నడచినది.

ఇక శాస్త్రముల మాట. మన ధర్మశాస్త్రకారులు వివాదములను పదునెనిమిది విధములుగా విభజించి, వానిలో మొట్టమొదటి స్థానమును ఋణాదానమునకు, అనగా అప్పు తగవునకు, ఇచ్చిరి. మనుష్యులు దేనికి ముందుగా పోట్లాడుకొందురో వారికి బాగుగా తెలియును. యాజ్ఞవల్క్యుడు తన స్మృతిలో ఆలుమగల అప్పును గూర్చి ప్రత్యేకముగా చెప్పినాడు. మగడు చేసిన అప్పును భార్య తీర్చనక్కరలేదు. భార్య చేసిన అప్పును మగడు తీర్చనక్కరలేదు. కుటుంబము కొరకు చేసిన అప్పు మాత్రము దీనికి మినహాయింపు. ఇంకొక మినహాయింపు కలదు. గొల్లలు, కల్లు సారాయి అమ్మువారు, నటులు, చాకలివారు, వేటగాండ్రు - వీరి భార్యలు చేసిన అప్పును భర్తలు తీర్చవలెను. ఏలయన, ఆ యిండ్లలో బ్రతుకుతెరువు ఆడవారి కష్టము మీదనే ఆధారపడి యున్నది. ఇంటి ఆదాయమును నిలుపునది ఎవరో ఆ కాలపు స్మృతికర్త కనిపెట్టినాడన్నమాట.

మరి స్త్రీ ఏ అప్పు తీర్చవలెను? దానికిని ఆ స్మృతి మూడు గుర్తులు చెప్పినది. తాను తీర్చెదనని ఒప్పుకొన్న అప్పు. మగనితో కలిసి చేసిన అప్పు. తాను స్వయముగా చేసిన అప్పు. ఈ మూడు తప్ప మరియొకటి ఆమె నెత్తిన వేయరాదు. శ్రోతలు ఈ మూడు గుర్తులను జ్ఞప్తియందుంచుకొన గోరుచున్నాము. ప్రసంగము చివర వీనితో మరల పని పడును.

యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్య మితాక్షర. కళ్యాణి చాళుక్యులలో ఆరవ విక్రమాదిత్యుని కాలమున, 1076 - 1126 నడుమ, అది వెలువడినది. ఆ గ్రంథము సంస్కృత పండితుల చేతులలోనే నిలిచిపోలేదు. పదుమూడవ శతాబ్దిలో, తిక్కన సోమయాజి కాలమువాడైన కేతన దానిని ఆధారము చేసికొని విజ్ఞానేశ్వరీయము అను పేర తెలుగు పద్యములలో ధర్మశాస్త్రమును రచించెను. ఆచారము, వ్యవహారము, ప్రాయశ్చిత్తము అని అది మూడు కాండములు. న్యాయశాస్త్రమును ప్రజల భాషలోనికి దింపవలెనను కోరిక మన దేశమున ఏడువందల యేండ్లకు పూర్వమే కలిగినదన్నమాట. ఆంగ్లేయుల న్యాయస్థానములు వచ్చిన తరువాతను హిందువుల కుటుంబ వ్యవహారములలో తెలుగుదేశమునకు మితాక్షరయే ప్రమాణమైనది.

కాని ఈ ధర్మము స్త్రీ యెడల చూపిన దయను కొడుకు యెడల చూపలేదు. తండ్రి అప్పు తీర్చుట పుత్రుని పవిత్ర ధర్మమని నిర్ణయించినది. ఆ బాధ్యత న్యాయస్థానములలో ఇరువదియొకటవ శతాబ్ది వరకు చెల్లినది. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించినప్పుడు గాని, తండ్రి అప్పు కొడుకు పుణ్యపాపములతో ముడిపడి యుండుట తొలగిపోలేదు.

శాస్త్రము అట్లున్నది. లోకము ఎట్లున్నది? దీనికి ఖమ్మము సీమలోనే ఒక ప్రసిద్ధమైన కథ యున్నది. నేలకొండపల్లి నివాసి కంచెర్ల గోపన్న, గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా కాలమున పాల్వంచ పరగణాకు తహశీలుదారు. ఆయన ప్రభుత్వపు సొమ్ముతో భద్రాచలమున రామాలయము కట్టించి, బాకీదారుగా గోలకొండ చెరసాలలో పడినాడు. మనము ఆయనను రామదాసు అందుము. పన్నెండేండ్ల చెర తరువాత రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో సుల్తానుకడకు వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించిరని ఐతిహ్యము. భక్తులకు ఆ కథలో దైవకృప ముఖ్యము. మాకు మాత్రము అందు మరియొక చిన్న విషయము గొప్పగా తోచును. వచ్చినవారు సొమ్ము చెల్లించి ఊరక పోలేదు, రసీదు పుచ్చుకొనిరి. ఆ రసీదు చూపిన తరువాతనే గోపన్న చెర వీడినది. బాకీ తీరుట ఒకటి, తీరినట్లు కాగితముండుట మరియొకటి యని మన జనుల ఊహలో ఎంత గాఢముగా నాటుకొన్నదో ఈ కథ చెప్పుచున్నది. భగవంతుడు చెల్లించిన అప్పునకు కూడ రసీదు కావలసి వచ్చినది.

నిజాము రాజ్యపు పల్లెలలో సామాన్యునికి అట్టి రసీదు దొరకుట దుర్లభము. ఖాతా సాహుకారు చేతిలో నుండెడిది. చదువు సాహుకారుకే యుండెడిది. డబ్బు అప్పు ఒక రకము. నాగు అను పేర ధాన్యపు అప్పు మరియొక రకము. వానకాలమున తిండిగింజలకో విత్తనములకో తెచ్చుకొన్నదానిని పంట చేతికి రాగానే సగము అదనముగా చేర్చి కొలిచెడివారు. ఆ కొలత తీరనివాడు భగేలాగా మారెడివాడు. అనగా అప్పునకు తాకట్టు తన శరీర కష్టమే. భూస్వామి యింట సంవత్సరముల తరబడి పని చేయుట, వానితోపాటు భార్య పేడ కళ్లెత్తుట, పిల్లవాడు పశువులు కాయుట. యాజ్ఞవల్క్యుని ధర్మము ఇచ్చట తలక్రిందులైనది. సంతకము పురుషునిది, వేలిముద్ర పురుషునిది, చాకిరి యింటిల్లిపాదిది.

మరి ఆ కుటుంబమునకు ఇల్లు ఎవరిది? ఇదియే మన విషయమునకు కీలకము. ఆనాటి పల్లెలలో అద్దె యిల్లు అను పద్ధతి లేనట్లే. స్వంత గుడిసె యున్నవాడు అందుండును. లేనివాడు దొర స్థలములో దొర యిచ్చిన నిట్టాడి, దొర పొలము గడ్డి కప్పుకొని యుండును. దానికి కిరాయి డబ్బు రూపమున లేదు, చాకిరి రూపమున నుండెడిది. కనుక పని మానిన నాడు గుడిసెయు పోవును. అప్పు తీరనివానికి నీడ కావలెనన్నచో అప్పిచ్చినవాని పంచయే గతి. నేటి పట్టణములో అప్పున్నవానికి ఇల్లు ఇయ్యరు. ఆనాటి పల్లెలో అప్పున్నవానిని ఆ యిల్లు విడిచి పోనీయరు. రెండును ఒకే త్రాసునకు రెండు తక్కెడలు.

1946 - 51 సంవత్సరముల తెలంగాణ సాయుధ పోరాటమున అనేక గ్రామములలో జనులు అప్పు పత్రములను తగులబెట్టిరి. వెట్టిని ఎదిరించిరి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారునకు భూమిపై హక్కు నిచ్చినది. అయినను అప్పు అవసరము అగ్గితో కాలిపోవునది కాదు. రిజర్వు బ్యాంకు 1951 - 52లో దేశమంతట గ్రామీణ పరపతిని పరిశీలింపజేసి, 1954లో నివేదిక ప్రకటించినది. రైతు తెచ్చుకొన్న ప్రతి నూరు రూపాయల అప్పులో దాదాపు డెబ్బది రూపాయలు వడ్డీ వ్యాపారులనుండియే వచ్చినవని అందు తేలినది. సహకార సంఘముల వాటా మూడు రూపాయలు మాత్రమే. వాణిజ్య బ్యాంకుల వాటా రూపాయికి కూడ చేరలేదు.

తూర్పున మన్యపు చరిత్ర వేరు. భద్రాచలము తాలూకా 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయులకు వచ్చినది. 1874లో మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలో చేరినది. అచ్చటి కోయలు, కొండరెడ్లు మైదానపు వర్తకుల అప్పులలో చిక్కి భూములు పోగొట్టుకొనుట చూచి, మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ ప్రాంతముల వడ్డీ, భూమి బదలాయింపు చట్టమును చేసినది. నూటికి ఏడాదికి 24 రూపాయలకు మించిన వడ్డీ చెల్లదు. వడ్డీ మొత్తము అసలును మించరాదు. వడ్డీ పెరిగి అప్పు రెట్టింపును దాటరాదను మన పాత స్మృతుల నియమము, ఆంగ్ల చట్టము వేషమున మన్యమునకు తిరిగి వచ్చినట్లైనది. 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము షెడ్యూల్డు ప్రాంతముల వడ్డీ వ్యాపారులపై, గిరిజనుల ఋణ విముక్తిపై మరి రెండు రెగ్యులేషనులు తెచ్చినది.

ఇంతటికిని మిన్న 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము. దాని మూలమైన ఆర్డినెన్సు 1975 అక్టోబరులో వెలువడినది. అప్పునకు బదులుగా తాను గాని, తన కుటుంబములోనివారు గాని చాకిరి చేయవలెనను ఒప్పందము ఇక చెల్లదని ఆ చట్టము ప్రకటించినది. ఆ బాకీలు రద్దయినవి. ఆ చట్టమునందు ఎనిమిదవ సెక్షనును మాత్రము పలువురు గమనింపరు. విముక్తుడైన వెట్టివాడు చాకిరికి ప్రతిఫలముగా ఏ గుడిసెలో నుండెడివాడో, ఆ గుడిసెనుండి అతనిని వెళ్ళగొట్టరాదని అది శాసించినది. అప్పు రద్దు చేసి నీడ తీసివేసినచో ఆ మనిషి మరల ఆ పంచకే చేరునని చట్టము వ్రాసినవారు గ్రహించిరి. అప్పునకును ఇంటికిని గల ముడిని మన దేశపు చట్టము ఇంత స్పష్టముగా విప్పిన తావు మరియొకటి మాకు కనిపింపదు.

ఇక పట్టణమునకు వత్తము. రెండవ ప్రపంచ యుద్ధ కాలమునుండి పట్టణములలో ఇండ్ల కరవు పెరిగినది. హైదరాబాదు రాష్ట్రమున 1954లో ఇండ్ల అద్దె నియంత్రణ చట్టము వచ్చినది. దానిని, ఆంధ్ర ప్రాంతమున నడచుచున్న 1949 నాటి మద్రాసు చట్టమును తొలగించి, రాష్ట్రమంతటికిని ఒకటిగా 1960లో ఆంధ్రప్రదేశ్ భవనముల అద్దె, ఖాళీ నియంత్రణ చట్టము చేసిరి. అది పురపాలక సంఘములున్న పట్టణములకు వర్తించునది. యజమాని ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదని అందు కలదు. అద్దె ముట్టినట్లు రసీదు పొందు హక్కు అద్దెదారునకు కలదు. యజమాని అద్దె పుచ్చుకొననన్నచో మనియార్డరు చేయుట వంటి మార్గములను చూపినది. ఇంటినుండి వెళ్ళగొట్టుటకు కారణములను లెక్కించి చెప్పినది: అద్దె ఎగవేయుట, ఇతరులకు మారు అద్దెకిచ్చుట, ఇంటిని పాడుచేయుట, ఇరుగుపొరుగుకు బాధ కలిగించుట, యజమానికి స్వంత అవసరము కలుగుట మొదలగునవి. అద్దెదారుడు మూడవ మనిషికి బాకీపడియుండుట ఆ పట్టికలో లేదు. మరియొక విశేషము: అద్దెదారుడు మరణించినచో, అతనితో ఆ యింట కాపురమున్న భార్య, కొడుకు, కూతురు కూడ అద్దెదారులేయని చట్టము నిర్వచించినది. కాగితము మీద సంతకము ఒకరిదైనను కాపురము అందరిదని ఒప్పుకొన్నదన్నమాట.

అయితే ఈ రక్షణలన్నియు ఇంటిలోనికి చేరినవానికి. గడప బయట నిలిచినవానికి చట్టము చెప్పిన మాట లేదు. నీకు ఇల్లు ఇయ్యనని యజమాని యన్నచో అది అతని యిష్టము. తరువాతి కాలమున అద్దె ఒక పరిమితి దాటిన ఇండ్లను ఈ చట్టము వెలుపల ఉంచిరి. ఒక నెల అడ్వాన్సు నియమము పుస్తకములో నుండగనే, పట్టణములలో రెండు మూడు నెలల అడ్వాన్సు అడుగుట వాడుకయైనది. 2021లో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు పంపిన నమూనా అద్దె చట్టము, నివాస గృహములకు రెండు నెలల డిపాజిటును పరిమితిగా సూచించినది.

యజమాని అట్లు వెనుకాడుటకు అతని కారణములును లేకపోలేదు. ఖమ్మము వంటి పట్టణమున ఇల్లు అద్దెకిచ్చువారందరు ధనవంతులు కారు. పింఛను మీద బ్రతుకు వృద్ధులు, క్రింది భాగము అద్దెకిచ్చి పై భాగమున నుండువారు, ఇల్లు కట్టిన అప్పును అద్దెతో తీర్చుకొనువారు పలువురు. అద్దె ఆగినచో వారి వాయిదా ఆగును. కోర్టుకు పోయినచో ఏండ్లు పట్టును. వారికి కావలసినది ఒక నమ్మకము. ఊరిలో ఆ నమ్మకమును వంశము, కులము, పెద్దమనిషి జామీను ఇచ్చెడివి. పట్టణమున అవి పలుచబడినకొలది నమ్మకమునకు మరియొక ఆధారము కావలసి వచ్చినది.

ఆ ఆధారమును పశ్చిమ దేశములు ముందుగా కల్పించుకొన్నవి. 1841లో న్యూయార్కు నగరమున లూయిస్ టప్పన్ అను వర్తకుడు, దూరపు ఊళ్ల దుకాణదారుల నమ్మకమును గూర్చి వివరములు సేకరించి అమ్ము ఒక ఏజెన్సీని స్థాపించెను. మనుష్యుల పరపతి ఒక పుస్తకమున కెక్కుట అప్పటినుండి పెద్ద వ్యాపారమైనది. కాని ఆ దేశములలో ఆలుమగల విషయమున మనకంటె వెనుకబడిన న్యాయముండెను. ఇంగ్లండులో పెండ్లియైన స్త్రీకి ప్రత్యేకమైన ఆస్తి హక్కు పూర్తిగా 1882 నాటి చట్టముతో గాని రాలేదు. అమెరికాలో 1974 వరకు పలు సంస్థలు భార్యకు భర్త సంతకము లేనిదే అప్పు ఇచ్చెడివి కావు. భర్త పేర నడచిన ఖాతాలలో భార్య చెల్లించిన సొమ్ము కూడ భర్త మంచిపేరుగానే జమయయ్యెడిది. ఆ యేడు సమాన పరపతి అవకాశ చట్టము వచ్చిన తరువాతనే భార్యకు తన పేర తన చరిత్ర ఏర్పడు మార్గము కలిగినది.

మన దేశమున 2000 సంవత్సరమున సిబిల్ అను సంస్థ ఏర్పడినది. 2005లో పరపతి సమాచార సంస్థల చట్టము వచ్చినది. నేడు రిజర్వు బ్యాంకు అనుమతితో నాలుగు సంస్థలు ఈ పని చేయుచున్నవి. జనులు మాత్రము అన్నిటిని సిబిల్ అనియే పిలుచుచున్నారు. అప్పు తీసికొన్న ప్రతివాని చరిత్రకును 300 మొదలు 900 వరకు ఒక అంకె కట్టుదురు. వాయిదాలు తప్పినకొలది అంకె తగ్గును. వివరములు కనీసము ఏడు సంవత్సరములు నిలువ యుండును.

ఇచ్చట మన శ్రోతలు గమనింపవలసిన ముఖ్యాంశము కలదు. ఈ చరిత్ర మనిషికి కట్టినది, కుటుంబమునకు కట్టినది కాదు. పెండ్లియైనంత మాత్రమున ఇద్దరి పుస్తకములు ఒకటి కావు. మగని వాయిదా తప్పుట భార్య పుస్తకమున కెక్కదు. ఎక్కునవి మూడే: ఆమె స్వయముగా తీసికొన్న అప్పు, మగనితో కలిసి సంతకము చేసిన అప్పు, అతని అప్పునకు తాను జామీనుగా నిలిచిన అప్పు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన మూడు గుర్తులును ఇవియే గదా! తాను చేసినది, కలిసి చేసినది, తీర్చెదనని ఒప్పుకొన్నది. నేటి యంత్రము వేయించుకొనుచున్న లెక్కకు ఆనాటి స్మృతికి పోలిక చూచి మేము కొంత ఆశ్చర్యపడితిమి.

మరియొక అంశము. ఈ పుస్తకమును చూచు అధికారము బ్యాంకులకు, చట్టము పేర్కొన్న మరికొన్ని సంస్థలకు మాత్రమే కలదు. ఇంటి యజమాని తానై చూడజాలడు. అద్దెకు వచ్చినవారు తమ నివేదికను తామే తెచ్చి చూపిన గాని అతనికి తెలియదు. 2017 జనవరి నుండి ప్రతివారును ప్రతి సంస్థనుండి సంవత్సరమునకు ఒక పూర్తి నివేదికను ఉచితముగా పొందవచ్చును. అందు తప్పున్నచో దిద్దుమని అడుగవచ్చును. ముప్పది దినములలో దిద్దనిచో దినమునకు నూరు రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఉత్తరువు చేసినది. అది మరుసటి యేడు ఏప్రిల్ నెలలో అమలులోనికి వచ్చినది.

ఇంతవరకు మగని అప్పు వలన ఆలికి కలిగిన ఇబ్బందిని చెప్పినాము. దీనికి ఎదురు ముఖము కూడ మన రాష్ట్రములలోనే కనబడినది. 1992లో నాబార్డు పొదుపు సంఘములను బ్యాంకులతో కలిపినది. ఆడవారు పదిమంది ఒక చోట చేరి పొదుపు చేసి, ఒకరికొకరు జామీనుగా నిలిచి అప్పు తెచ్చుకొనిరి. సాహుకారు ఖాతాలో పేరే లేని స్త్రీకి పరపతి కలిగినది. అది గొప్ప మార్పు. ఆ బాటలోనే సూక్ష్మఋణ సంస్థలు వచ్చి, వారము వారము వాయిదాలతో, ఒకే యింటికి మూడు నాలుగు అప్పులు అంటగట్టినవి. వసూళ్ల ఒత్తిడి దుర్భరమైనది. ఆత్మహత్యల వార్తలు వచ్చినవి. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సుతో ఆ సంస్థలను కట్టడి చేసినది. వసూళ్లు దాదాపు ఆగిపోయినవి. లక్షలాది స్త్రీల పేర ఆ బాకీలు బాకీలుగానే మిగిలినవి.

ఆ సొమ్ము ఎవరికై ఖర్చయినది? బోరునకు, ఎరువునకు, ఆసుపత్రికి, బిడ్డ పెండ్లికి. అది అచ్చముగా కుటుంబార్థమైన అప్పు. పాత స్మృతి ప్రకారము అది మగనికిని బాధ్యతయే. కాని క్రొత్త పుస్తకమునకు కుటుంబార్థమను మాట తెలియదు. సంతకము ఎవరిదో అదియొక్కటే తెలియును. కనుక ఆలుమగలలో చెడ్డపేరు ఎవరిదియని అడుగునప్పుడు, ఆ అప్పు ఎవరి అవసరమునకు పుట్టినదో అని కూడ అడుగుట న్యాయము. మగని బాకీని చూచి ఆలిని తూచుట ఎంత తప్పో, ఆలి పేరనున్న బాకీని చూచి ఆమెను మాత్రమే దోషిగా నిలుపుటయు అంతే తప్పు.

ఖమ్మము వీధిలో నిలిచియున్న మన దంపతులను మరచిపోలేదు. వారికి చరిత్ర చెప్పు మాట యేమి? మొదటిది, దాచవలదు. ఊరినుండి వచ్చు కబురునకు ముందే, ఆయన పంట పోయి బాకీపడినాడు, జీతము నాది, అద్దె నేను చెల్లింతును అని ఆమెయే చెప్పుట మేలు. యజమాని కోపించునది బాకీకన్న దాచుటకు. రెండవది, ఒప్పందము ఆమె పేర వ్రాయించుకొనవలెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ ఆస్తిపై ఆమెకు పూర్ణ స్వామ్యము నిచ్చినది. తన జీతముతో తన పేర ఇల్లు పట్టుటకు ఎవరి అనుమతియు ఆమెకు అక్కరలేదు. మూడవది, అద్దె చేతికి ఇచ్చుటకంటె బ్యాంకు ద్వారా చెల్లించి, రసీదు ప్రతి నెలయు భద్రపరుపవలెను. పండ్రెండు నెలల రసీదులు కలిసి ఒక మంచిపేరగును. రామదాసు కథలోని రసీదును ఇందుకే తలచితిమి. నాలుగవది, మగని పాత బాకీని వాయిదాలు కట్టియైనను తీర్చి, పూర్తిగా తీరినట్లు బ్యాంకునుండి పత్రము పుచ్చుకొనవలెను. సగము తీర్చి రాజీపడిన బాకీ రాజీగానే పుస్తకమున కెక్కునని మరువరాదు. ఇక ఆమె తొందరపడి అతని క్రొత్త అప్పునకు జామీను సంతకము చేయరాదు. ఇంటిలో ఒకరి పేరైన నిలిచియుండుట ఇద్దరికిని మేలు.

యజమానులకును ఒక విన్నపము. మీరు అడుగవలసిన ప్రశ్న గతములో ఎవరు ఎవరికి బాకీపడిరని కాదు; ప్రతి నెల ఐదవ తేదీన అద్దె ఎవరి జీతమునుండి వచ్చునని. ఆ ప్రశ్నకు ఇల్లాలు సూటిగా బదులు చెప్పగలిగినచో, ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమను సామెతకు మరల మొదటి అర్థము వచ్చును.

2024 మార్చి 11వ తేదీన భద్రాచలమున తెలంగాణ ప్రభుత్వము ఇందిరమ్మ ఇండ్ల పథకమును ప్రారంభించినది. స్థలమున్న పేదకు ఇల్లు కట్టుకొనుటకు ఐదు లక్షల రూపాయల సాయము. ఇల్లు మంజూరగునది ఇంటి ఆడపడుచు పేర. ఒకప్పుడు దొర పంచన మగని వేలిముద్రకు ఆలి చాకిరి చేసిన సీమలో, గుడిసెకు స్వంత పత్రము లేని సీమలో, ఇంటి కాగితముపై ఇల్లాలి పేరు వ్రాయుట చిన్న విషయము కాదు. అద్దె యింటి ఒప్పందముపై కూడ ఆ పేరు అంత సహజముగా చేరినప్పుడు, ఖమ్మము వీధిలో ఆమె వేసిన ప్రశ్నకు బదులు దొరికినట్లే.